తప్పంతా ఆవకాయది కాదమ్మా

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక కోడలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. మావగారికి 74 ఏళ్ళు. చాలాకాలంగా షుగరు, బీపీ ఉన్నాయి. నిరుడు గుండె బలహీనపడిందని డాక్టర్లు చెప్పారు. దసరాకు ముందు కాళ్ళు వాచి, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక, విశాఖపట్నంలో ఒక ఆస్పత్రిలో చేర్చారు. ఎనిమిది రోజుల్లో ఒంట్లో చేరిన నీరు తీసి, ఇంగ్లీషులో మూడు పేజీల కాగితం, ఒక మందుల సంచీ చేతికిచ్చి పంపారు. ఇంటికొచ్చాక పది రోజులు బాగానే గడిచాయి. తరవాత విపరీతమైన నీరసం, లేస్తే కళ్ళు తిరగడం మొదలయ్యాయి. వీధిలోని ఆర్‌ఎంపీ వచ్చి నీరు తీసే మాత్రలు ఆపమన్నారు, రెండు రోజుల్లో రెండు అరలీటరు సెలైన్ సీసాలు ఎక్కించారు, మోకాళ్ళ నొప్పికి ఒక ఇంజెక్షన్ చేశారు. మూడో రాత్రికి ఆయాసం. ఇంటికొచ్చిన పదిహేడో రోజున మళ్ళీ అదే వార్డులో చేరారు.

ఈ శనివారం పంపుతామని ఆస్పత్రిలో అంటున్నారట. ఇంట్లో గొడవ తేలలేదు. అత్తగారు చాటుగా ఆవకాయ పెట్టినందుకే ఇలా అయిందని, కోడలు కనిపెట్టుకుని ఉండలేదని బరంపురంలో ఉన్న ఆడపడుచు అంటున్నారు. నాన్నను తన దగ్గరికి తీసుకుపోతానంటున్నారు. హైదరాబాదులోని మరిది మంచం, ఆక్సిజన్ మిషను, రాత్రింబగళ్ళు నర్సు పెట్టమని, డబ్బు తను పంపుతానని ఫోను చేస్తున్నారు. భర్త సూరత్‌లో పనిలో ఉన్నారు. మావగారు మాత్రం "నన్ను నా ఇంటికి తీసుకుపోండి" అంటున్నారు. ఉత్తరం చివర ఆమె అడిగినవి రెండే: ఆయన్ని ఎక్కడ ఉంచాలి? నేను చేసిన తప్పేమిటి?

అమ్మా, మీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. అది తేలితే మొదటిది సగం తేలుతుంది.

మీరు ఉత్తరం రెండో పేజీలో, పెద్దగా పట్టించుకోకుండా, ఒక వాక్యం రాశారు: "పాత డబ్బాలో ఉన్న ఫ్రుసెమైడ్ 40తో పాటు కొత్త సంచీలోని టోర్సెమైడ్ 20 కూడా పొద్దున్నే వేస్తున్నాను, ఏదీ ఆపమని ఎవరూ చెప్పలేదు." అసలు ముడి అక్కడే పడిందని నా అనుమానం. ఆ రెండూ పేర్లు వేరైనా చేసే పని ఒకటే, రెండూ నీరు తీసే మాత్రలే. టోర్సెమైడ్ 20 మిల్లీగ్రాములు దాదాపు ఫ్రుసెమైడ్ 40కి సమానం. అంటే మావయ్యగారికి పది రోజులపాటు రెట్టింపు మోతాదు పడింది. ఒంట్లో ఉండవలసిన నీరు, ఉప్పు కూడా పోయి ఉంటాయి. ఆ నీరసం, లేస్తే కళ్ళు తిరగడం అందుకే కావచ్చు.

అప్పుడు సెలైన్ వచ్చింది. అరలీటరు సీసాలో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. రెండు సీసాలంటే 9 గ్రాముల ఉప్పు, లీటరు నీరు, అదీ నేరుగా రక్తంలోకి. ఆయనలాంటి గుండె జబ్బువారికి రోజంతటికీ తిండిలో అన్నీ కలిపి 5 గ్రాములు దాటకూడదంటారు. అదే సమయంలో నీరు తీసే మాత్రలు పూర్తిగా ఆగిపోయాయి. మోకాళ్ళకు చేసిన ఇంజెక్షన్ డైక్లోఫెనాక్ జాతిది అయితే అది మూత్రపిండాలకు రక్తం తగ్గించి, ఉప్పునూ నీటినీ ఒంట్లోనే నిలబెడుతుంది. మూడూ కలిసిన మూడో రోజుకు ఆయాసం రావడంలో వింత లేదు. ఆవకాయ ముక్కలు మంచివని కాదు, ఆ సంగతి కింద చెబుతాను. కానీ రెండు ముక్కలు ఇంత పని చేయవు.

ఇందులో మీ నిర్లక్ష్యం ఎక్కడుంది? ఇచ్చిన మందులన్నీ వేళకు వేశారు. పాత మందుల్లో ఏది ఆపాలో, ఏది ఉంచాలో రాసివ్వాల్సిన పని ఆస్పత్రిది. ఆ అప్పగింత సరిగా జరగలేదు. ఆడపడుచుగారికి ఈ మాట మీరు చెబితే వాదనలా ఉంటుంది. వార్డు డాక్టరు నోటితోనే ఆమె వినేలా చూడండి. ఈ వారంలో ఆమెను ఒకసారి ఆస్పత్రికి రమ్మనండి.

డాక్టరుకు జరిగిందంతా చెప్పారా? ఆర్‌ఎంపీ చేత సెలైన్ ఎక్కించుకున్నామంటే కోప్పడతారని చాలామంది దాస్తారు. దాస్తే డాక్టర్లు జబ్బు ముదిరిందనుకుని మందు పెంచుతారు, ఇంటికొచ్చాక పాత కథే మళ్ళీ మొదలవుతుంది. పాత డబ్బా, కొత్త సంచీ, వాడేసిన ఖాళీ స్ట్రిప్పులు, ఆ ఇంజెక్షన్ పేరు కనుక్కుని రాసిన చీటీ, అన్నీ ఒకే కవరులో వేసి డాక్టరు ముందు పెట్టండి. "ఇందులో ఏవి పారేయాలి?" అని అడగండి. ఆయన ఆపమన్నవాటిని అక్కడే విడిగా తీసేయండి. మళ్ళీ ఇంటికి తేవద్దు.

శనివారం లోపు ఆ వార్డులో రాయించుకోవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. నీరంతా పోయాక మిగిలిన బరువు ఎంత అన్నది మొదటిది. ఇంటి దగ్గర మీకు దిక్సూచి ఆ అంకే. రోజుకు ఎంత నీరు తాగవచ్చన్నది రెండోది. కొందరికి లీటరున్నర అంటారు, కొందరికి హద్దు అక్కర్లేదంటారు, మన ఊహతో తగ్గించకూడదు. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, దానితో పాటు పొటాషియం రక్తపరీక్ష మళ్ళీ ఎప్పుడన్నది మూడోది. కొత్త కాగితంలో స్పిరోనోలాక్టోన్ ఉందని రాశారు. ఆ మాత్ర పొటాషియాన్ని పెంచుతుంది, చాలాకాలంగా షుగరు ఉన్నవారి మూత్రపిండాలు దాన్ని సరిగా వదిలించలేకపోవచ్చు. ఇంటికొచ్చిన వారానికి ఒకటి, నెల నిండాక ఇంకొకటి పరీక్ష తప్పదు. ఇది పర్లాకిమిడిలోనే చేయించుకోవచ్చు, విశాఖ వెళ్ళనక్కర్లేదు. పక్కనే ఉన్న ఉద్దానం కిడ్నీ జబ్బుల సంగతి మీ ప్రాంతంలో తెలియనివారు లేరు. ఆ భయంతో పరీక్ష మానేసేవాళ్ళున్నారు. ఈయన విషయంలో మానకండి.

మందుల పట్టీ మీరే తెలుగులో రాయండి. మావయ్యగారికి ఇంగ్లీషు రాదు, మీ అత్తగారికి ఒడియా చదవడం రాదు అన్నారు కదా. పెద్ద అట్ట మీద పొద్దున్న, మధ్యాహ్నం, రాత్రి అని మూడు గడులు గీసి, ప్రతి మందుకూ ఖాళీ స్ట్రిప్పు ముక్క అతికించి, పక్కన అది దేనికో రాయండి: "నీటికి", "బీపీకి", "షుగరుకు". కంపెనీ పేరు కాకుండా లోపలి మందు పేరు రాయడం ముఖ్యం. విశాఖలో ఒక కంపెనీ మాత్ర ఇస్తారు, మీ ఊళ్ళో కొట్టువాడు ఇంకో కంపెనీది ఇస్తాడు, ప్రభుత్వ ఆస్పత్రిలో నిరామయ పథకం కింద ఉచితంగా ఇచ్చేది మూడో రకం. రంగు మారితే కొత్త మందు అనుకుని రెండూ వేసేస్తారు. మీ ఇంట్లో జరిగింది ఇలాంటిదే. నీరు తీసే మాత్ర రెండు పూటలా ఉంటే రెండోది సాయంత్రం నాలుగు దాటకుండా వేయండి. రాత్రి వేస్తే అర్ధరాత్రి పదేపదే లేస్తారు, చీకట్లో పడతారు.

ఇన్సులిన్ గురించి ఒక హెచ్చరిక. ఆస్పత్రిలో పెన్నుతో ఇచ్చి, ఇంటికి సీసా రాశారన్నారు. మన దగ్గర సీసాలు ఎక్కువగా 40 బలంవి, అంటే మిల్లీలీటరుకు 40 యూనిట్లు. వాటికి ఎర్ర మూత సిరంజి వాడాలి. నారింజ మూత సిరంజి 100 బలానికి. 40 సీసా మందును 100 సిరంజిలో 20 గీత దాకా తీస్తే పడేది 8 యూనిట్లే. తిరగేసి, 100 మందును 40 సిరంజిలో 20 దాకా తీస్తే 50 యూనిట్లు పడతాయి, అది ప్రాణానికే ముప్పు. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని కొట్టు దగ్గరే చూసుకోండి. తెరవని సీసా ఫ్రిజ్‌లో, తలుపు వైపు పెట్టండి, మంచు గడిలో వద్దు. తెరిచిన సీసా ఎండ తగలని చల్లని చోట ఉంటే నాలుగు వారాలు పనికొస్తుంది. తెరిచిన తేదీ దాని మీద రాసిపెట్టండి.

ఇక మళ్ళీ నీరసం అన్నప్పుడు ఏం చేయాలి? ఈ ఒక్క మాట దగ్గరే పోయినసారి దారి తప్పింది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. నీరసం అంటే బలం లేకపోవడం, బలానికి సీసా అని మన ఊళ్ళలో పాతుకుపోయింది. ఈయనకు నీరసం కనీసం నాలుగు దారుల్లో రావచ్చు. ముందు గ్లూకోమీటరుతో షుగరు చూడండి. ఆస్పత్రి నుంచి వచ్చినవారికి ఆకలి తగ్గుతుంది, మందు మాత్రం పాత మోతాదే పడుతుంది, అందుకే షుగరు పడిపోతుంది. 70 కంటే తక్కువుంటే, తెలివిలో ఉండి మింగగలిగితే, మూడు చెంచాల పంచదార అర గ్లాసు నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకు మళ్ళీ చూడండి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోను చేయాలి. షుగరు బాగుంటే బీపీ చూడండి. ఐదు నిమిషాలు కూర్చున్నాక ఒకసారి, లేచి నిలబడ్డ నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఇంకోసారి. పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువగానీ పడిపోతే నీరు ఎక్కువ పోయిందనో, బీపీ మాత్ర ఎక్కువైందనో అనుమానించాలి. తరవాత బరువు చూడండి. ఆస్పత్రి చెప్పిన బరువుకంటే రెండు కిలోలు తగ్గితే అదే సాక్ష్యం. పెరిగి ఉంటే ఆ నీరసం గుండె అలసటది, సెలైన్ పెడితే ఏమవుతుందో మీరు చూశారు. ఈ మూడు అంకెలూ రాసుకుని డాక్టరుకు ఫోను చేసి చదవండి. మూడూ సరిగ్గా ఉన్నా నీరసంగా ఉంటే రక్తంలో సోడియం, పొటాషియం చూడాలి.

ఆర్‌ఎంపీతో పోట్లాడనక్కర్లేదు. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది ఆయనే. మందుల అట్ట పైన ఎర్ర సిరాతో "గుండె జబ్బు. డాక్టరును అడగకుండా సెలైన్ వద్దు. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ వద్దు" అని రాసి గోడకు పెట్టండి. మోకాళ్ళకు పారాసెటమాల్ ఎంత వేయవచ్చో విశాఖలోనే అడిగి అదే అట్ట మీద రాయండి.

రోజూ పొద్దున్న ఒకే పని: మూత్రానికి వెళ్ళొచ్చాక, టీ తాగకముందు, ఒకే రకం పలచని బట్టలతో తూకం మీద నిలబెట్టండి. 100 గ్రాముల తేడా చూపే డిజిటల్ తూకం కొనండి. గచ్చు మీద పెట్టాలి, చాప మీద కాదు. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, కాలి చీలమండల దగ్గర నొక్కితే గుంట పడుతున్నా, నిన్నటి కంటే ఒక తలగడ ఎక్కువ కావాలన్నా, రాత్రి పొడి దగ్గు మొదలైనా ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. ఆయాసం రావడానికి కొన్ని రోజుల ముందే బరువు చెప్పేస్తుంది. కూర్చున్నా ఊపిరాడకపోవడం, గుండెలో నొప్పి, దగ్గితే గులాబీరంగు నురగ పడడం, స్పృహ తప్పడం, మాట తడబడి తికమక పడడం కనిపిస్తే ఎవరినీ అడగకుండా 108 పిలిచి ఆస్పత్రికి బయల్దేరండి. సరిహద్దులో ఉన్నారు కాబట్టి ఫోనులో ముందు రాష్ట్రం, జిల్లా, వీధి చెప్పండి.

ఇప్పుడు ఆవకాయ. యాభై ఏళ్ళు ఆయనకు వండిపెట్టిన మనిషిని వంటింటి దొంగను చేయకండి. ఉప్పు డబ్బా అత్తగారి చేతికే ఇవ్వండి. పొద్దున్నే ఒక చిన్న గిన్నెలో గీసిన చెంచాడు ఉప్పు, సుమారు 5 గ్రాములు, ఆమే కొలిచి పెట్టాలి. ఆయన వంటకు ఆ రోజుకు అదే. అందరి కూరా ఉప్పు లేకుండా దించి, ఆయన వాటా తీశాక మిగిలినదాంట్లో వేసుకోవచ్చు. ఆవకాయ ముక్క కావాలంటే ఆ పూట కూరలో ఉప్పు వేయరు, బేరం ఆయనతోనే కుదుర్చుకోనివ్వండి. ఎండుచేపలు, అప్పడాలు, వడియాలు, గ్యాసుకు తాగే సోడా పొడి మాత్రం పూర్తిగా మానాలి, వాటిలో ఉప్పు కొలవలేం. చోడి అంబలి మజ్జిగతో, ఉల్లిపాయ, నిమ్మరసంతో ఉప్పు లేకుండా బాగుంటుంది, కానీ అందులోని నీరూ పిండిపదార్థమూ రోజు లెక్కలోవే. పఖాళం, అంటే నీళ్ళలో నానేసిన చద్దన్నం కూడా అంతే. "గుండెకు మంచిది" అని కొట్టులో అమ్మే తక్కువ సోడియం ఉప్పు మాత్రం కొనవద్దు. అందులో పొటాషియం ఉంటుంది, స్పిరోనోలాక్టోన్‌తో కలిస్తే గుండె లయ తప్పే ప్రమాదం. కొబ్బరినీళ్ళూ డాక్టరును అడిగాకే.

ఎక్కడ ఉంచాలన్న ప్రశ్నకు వస్తాను. ఇంటికి తెస్తే ఆయనకు మనసు కుదురుతుంది, తెలిసిన మంచం, తెలిసిన దారి కాబట్టి రాత్రి తికమకా తక్కువ. కానీ పర్లాకిమిడిలో ఆయన్ని ఒక డాక్టరు తన రోగిగా ఒప్పుకోవాలి. జిల్లా ఆస్పత్రి మెడిసిన్ డాక్టరైనా, పాత డాక్టరైనా, ఒక్కరే. డిశ్చార్జి కాగితం ఫొటో శుక్రవారమే ఆయనకు చేరాలి. ఇంటికొచ్చిన ఏడు నుంచి పద్నాలుగు రోజుల్లో ఆయన ఒకసారి చూడాలి. అలాంటి డాక్టరు దొరకకపోతే ఇంటికి తేవడం నాకు ధైర్యంగా లేదు.

బరంపురం తీసుకెళ్తే పెద్ద ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రి దగ్గర్లో ఉంటుంది. నష్టమేమిటంటే మూడో డాక్టరు, మూడో మందుల పట్టీ పుడతాయి, అత్తగారు ఇక్కడ ఒంటరవుతారు. అక్కడికే పంపాలనుకుంటే ఆరు వారాలని గడువు ముందే చెప్పుకుని, అత్తగారినీ పంపి, మందుల అట్ట కూడా వెళ్ళేలా చూడండి. విశాఖలోనే పది రోజులు గది తీసుకోవడం మూడో దారి. డాక్టరు మారరు, కానీ ఖర్చంతా మీదే, వండిపెట్టే మనిషి కూడా అక్కడే ఉండాలి. వార్డు డాక్టరు "ఇంకా మందు కుదురుతోంది, రెండు మూడు రోజులకోసారి చూడాలి" అంటేనే అది దండగ కాదు.

నా మొగ్గు ఇంటివైపే, ఆ ఒక్క డాక్టరు దొరికితే. ఆడపడుచుగారిని నాన్నను తీసుకెళ్ళమనే బదులు మొదటి పది రోజులు వచ్చి ఉండమని అడగండి. ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ మొదటి రెండు వారాల్లోనే. మీరు పదిహేడు రాత్రులు ఒక్కరే మేలుకున్నారు. ఇది అలా నడిచే పని కాదు. మరిదిగారి డబ్బు వృథా పోనివ్వకండి. వేలి మీద చూసే ఆక్సిజన్ సరిగ్గా ఉంటే మిషను అక్కర్లేదని వార్డులో అడిగి నిర్ధారించుకోండి. నడవగలిగిన మనిషికి ఆస్పత్రి మంచం కంటే వీపు వెనక గట్టి దిండ్లు, మరుగుదొడ్డిలో పట్టుకునే కడ్డీ, రాత్రికి కమోడ్ కుర్చీ, చేతికి చుట్టే బీపీ మిషను ఎక్కువ పనికొస్తాయి. నర్సుకు బదులు రోజుకు నాలుగు గంటలు తోడుండే మనిషిని పెడితే మీరు నిద్రపోగలరు. రోజుకు నాలుగైదుసార్లు ఐదేసి నిమిషాలు ఆయన్ని నడిపించే పని ఆ మనిషిదే. పడుకోబెడితే కాళ్ళలో కండ కరిగిపోతుంది.

ఖర్చు సంగతి ఒకటి. 70 దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల వరకు ఆస్పత్రి ఖర్చు భరించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో మొదలైంది, ఒడిశాలో ఆయుష్మాన్ 2025 ఏప్రిల్ నుంచి నడుస్తోంది. ఆధార్‌తో తీసుకోవచ్చు. జాబితాలో ఉన్న ఆస్పత్రి అయితే వేరే రాష్ట్రంలోనైనా చెల్లుతుంది. ఆ కార్డు మీద చేరితే ఇంటికొచ్చాక 15 రోజుల మందులూ, పరీక్షలూ అందులోవే, అడిగి తీసుకోవాలి. పెద్దవాళ్ళ సాయానికి 14567 ఫోను నంబరు కూడా ఉంది.

శనివారం ప్రయాణం నాలుగు గంటలు. ఆ రోజు నీటి మాత్ర బయల్దేరేముందు వేయాలా, ఇల్లు చేరాక వేయాలా అని నర్సును అడగండి. మూత్రం సీసా, గ్లూకోమీటరు, పంచదార చేతి సంచీలో పెట్టుకోండి. వెలుతురుండగా ఇల్లు చేరేలా బయల్దేరండి, మందుల కొట్లు తెరిచి ఉంటాయి. ఆదివారం పొద్దున్న ఆయన్ని కొత్త తూకం మీద నిలబెట్టండి. ఆస్పత్రి తూకానికీ దీనికీ అరకిలో, కిలో తేడా ఉండొచ్చు. గాబరా పడకుండా ఆ అంకెను అట్ట మీద మొదటి గడిలో రాయండి. అక్కడి నుంచి మీ ఇంటి తూకమే లెక్క.